రెండడుగులు వెనక్కి

ఇంటర్వ్యూల గురించి సత్తెనపల్లి మొత్తంలో సంజీవరావు మాస్టారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలియక ఏం చేస్తుంది? తన కాలంలో పదకొండు ఇంటర్వ్యూలకి వెళ్ళి పదకొండింట్లోనూ తప్పిన మనిషాయె. మొదటిసారే గెలిచినవాడికి ఆ గది తలుపు ఏ రంగో కూడా గుర్తుండదు. పదకొండుసార్లు ఉత్త చేతులతో బయటికొచ్చినవాడికి కుర్చీ ఎక్కడుందో, గడియారం ఏ గోడకుందో, కాగితాలు ఎగరకుండా ఏ రాయి పెట్టారో, అన్నీ గుర్తే. చివరికి మిషన్ స్కూలువాళ్ళు ఇంటర్వ్యూ గింటర్వ్యూ లేకుండా గుమాస్తా పని ఇచ్చారు. అందులో ఇరవై ఏళ్ళు గడిపి, దిగిపోయాక బస్టాండుకెదురుగా నాలుగు పాత మిషన్లతో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు.

వారమంతా టైపు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటర్వ్యూ క్లాసు. దానికి కులం లేదు, మతం లేదు, ఫీజు లేదు. మిరప కోతల్లోంచి వచ్చినవాళ్ళు, మగ్గం గుంటలోంచి లేచి వచ్చినవాళ్ళు, ఎస్సెల్సీ పాసై రెండేళ్ళుగా అరుగుల మీద కూర్చున్నవాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు. గదిలో ఆ చివర బల్ల. దానెనక మాస్టారే ఆఫీసరు. మొహం గంటు పెట్టుకుని ప్రశ్నలు వేస్తుంటే, రోజూ ఆయనతో నవ్వుతూ మాట్లాడే కుర్రాళ్ళకి కూడా చెమటలు పట్టేవి.

"అరవొద్దురా! మనం పొలం గట్టు మీద లేం. ఆయన నీ ఎదురుగానే ఉన్నాడు, అవతలి చేలో కాదు" అనేవాడు. "మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే పని చెప్పు, బాధ చెప్పకు" అనేవాడు. "రానిది రాదని చెప్పు. బల్ల గోళ్ళతో గీకకు" అనేవాడు.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం చిట్టచివర. దానికోసం నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి ఉంచేవాడు. ఒకటి బల్ల దగ్గర, రెండోది దానికి రెండడుగుల వెనక. "ఇక వెళ్ళొచ్చు అనగానే లే. తల దించు. రెండడుగులు వెనక్కి వెయ్యి. అప్పుడు చేతులు జోడించు. ఆ తర్వాతే వెనుదిరుగు." ఈ ఒక్కటీ వందసార్లు చేయించేవాడు. గీత మీద మడమ పడకపోతే మళ్ళీ మొదటినుంచి. ఎందుకు మాస్టారూ అంటే, మర్యాదరా అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

చెప్పకపోవడానికి కారణముంది. ఎప్పుడో తెల్లదొరల కాలంలో, పద్దెనిమిదేళ్ళ సంజీవరావు మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళి, ఉత్సాహం ఆపుకోలేక బల్లకి ఆనుకునేదాకా వెళ్ళి నిలబడ్డాడు. అడిగినవన్నీ చెప్పాడు. బయటికొచ్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. బంట్రోతు చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ బల్ల అంచు కడుగుతున్నాడు. సంజీవరావుది సత్తెనపల్లి మాలపల్లె. ఆ సంగతి దరఖాస్తులో రాయలేదు గాని, బంట్రోతుకి తెలుసు. తర్వాత వెళ్ళిన పది ఇంటర్వ్యూల్లోనూ ఆయన ఏ బల్ల దగ్గరికీ రెండడుగుల లోపలికి వెళ్ళలేదు. తన పిల్లల వెనక ఎవరూ చెంబు పట్టుకు రాకూడదని ఆ సుద్దగీతలు గీశాడు. అలా నాలుక చివరిదాకా వచ్చే మాటని మింగి మింగి, దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాడు పాపం.

అంతా సవ్యంగానే నడిచేది. తాలూకాఫీసులో ఇద్దరు, పొగాకు కంపెనీలో నలుగురు, సింగరాయకొండ స్టేషన్లో ఒకడు, ఇలా మాస్టారి శిష్యులు ఎక్కడో అక్కడ కుదురుకుంటూనే ఉన్నారు. అంతలో గుంటూరులో ఆ లెక్కల ఆఫీసు వచ్చింది.

పంటల లెక్కలు కట్టే ఆఫీసది. బొంబాయి నుంచి మిషన్లు దించారు. టైపు మిషను లాంటిదే ఒకటుంటుందట, దాని మీద అంకెలు కొడితే అట్టకార్డుల మీద చిల్లులు పడతాయట. ఆ కార్డుల దొంతరని ఇంకో పెద్ద మిషన్లో వేస్తే, ఏ తాలూకాలో ఎన్ని ఎకరాల పత్తి, ఎన్ని ఎకరాల మిరప అని నిమిషాల్లో కూడి పెడుతుందట. కరణాలు ఆర్నెల్లు కూర్చున్నా తేలని లెక్క! మాస్టారు ఆ మాట విన్నరోజు అన్నం సరిగా తినలేదు. రేపటి రోజులన్నీ ఆ మిషన్లవేనని ఆయనకి తోచింది. తన పిల్లలు అక్కడుండాలి, అంతే. చేతుల మీద తువ్వాలు కప్పి, కీలు చూడకుండా అంకెలు కొట్టడం నేర్పాడు.

మొదటిసారి నలుగురిని పంపాడు. రెండోసారి ముగ్గురిని. ఏడుగురూ చేతి పరీక్షలో నెగ్గారు, ఏడుగురూ ఇంటర్వ్యూలో పోయారు. అందులో ఆదాం ఒకడు. మాస్టారి చేతికింద అంతటివాడు ఇంకొకడు రాలేదు. నిమిషానికి అతను కొట్టే అంకెలకి మిషను దడదడలాడిపోయేది. బెంచీ మీద ఉన్నవాళ్ళు తమ పని మానేసి చూసేవాళ్ళు.

"ఏమైందిరా? ఏం అడిగారు? ఎక్కడ తడబడ్డావు?" అని మాస్టారు అడిగితే, "ఏమీ తడబడలేదండీ. ఆఫీసరుగారు నవ్వుతూనే మాట్లాడారు. చివర్న తల దించి, మీరు చెప్పినట్టే చేసి వచ్చేశా" అన్నాడు ఆదాం. తోమా కూడా అదే మాట. ఏడుగురిదీ అదే మాట. ఆదాం ఆ తర్వాత క్లాసుకి రాలేదు. పత్తి మిల్లులో బేళ్ళు మోసే పనికి కుదిరాడు.

ఇది మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. ఏడుగురు! ఒకడు పోతే వాడి తప్పు, ఏడుగురు పోతే నేర్పినవాడి తప్పు. మూడోసారి ఖాళీలు పడ్డప్పుడు క్లాసులో అందరి ముందూ చెప్పేశాడు. "ఈసారి కోటిలింగాన్ని పంపుతున్నా. వీడికీ రాకపోతే ఈ ఆదివారం క్లాసు మూసేస్తా. నాకు తెలియని విద్య ఇంకొకళ్ళకి చెప్పడం పాపం."

అందరూ కోటిలింగం వంక జాలిగా చూశారు. ఎందుకంటే మాస్టారి శిష్యుల్లో మర్యాద ఎక్కనివాడంటూ ఉంటే అతనే. అతని తండ్రి రోశయ్య గుంటూరు మిర్చి కొట్ల దగ్గర బేరగాడు. కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, నోరు విప్పకుండా వేళ్ళతోనే ధర తేల్చే మనిషి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, గుప్పెడు పట్టుకుంటే అయిదు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. కోటిలింగం పదేళ్ళ వయసునుంచీ ఆ తువ్వాలు కిందే పెరిగాడు. అంకెలు వేళ్ళలోనే ఉండడం వల్ల మిషను మీద చెయ్యి బాగానే ఆడేది. సుద్దగీత దగ్గరే వచ్చింది చిక్కు. వెనక్కి అడుగేయమంటే పక్కకి వేసేవాడు, తల దించమంటే దించి కిందనుంచి చూసేవాడు.

"తువ్వాలు భుజం మీద వేసుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు మాస్టారు. తన తెల్ల జేబురుమాలు ఇస్తిరీ చేయించి ఇచ్చాడు. ఈసారి తనూ గుంటూరు బయలుదేరాడు. తప్పు ఎక్కడుందో తన కళ్ళతోనే చూడాలి.

ఆఫీసు వరండాలో కిటికీ పక్కనే బెంచీ ఉంది. కిటికీకి సగం వరకే తెర. మాస్టారు కూర్చుని మెడ సాచితే లోపల ముగ్గురు కనిపిస్తున్నారు. మధ్యలో పెద్దాఫీసరు. బయట బోర్డు మీద పేరు వెంకటనారాయణ అని ఉంది. నలభై దాటి ఉంటాయి. కోటు, మెరిసే బూట్లు, చక్కగా దువ్విన క్రాఫు. పేరూ తీరూ చూసి, ఏ అగ్రహారం బిడ్డో అనుకున్నాడు మాస్టారు. అనుకుని, తనకి తెలియకుండానే బెంచీ మీద కాస్త అవతలికి జరిగి కూర్చున్నాడు.

కోటిలింగం బాగానే చెప్తున్నాడు. గొంతు కాస్త పెద్దదే, అయినా ఫరవాలేదు. "జీతం ఎంత ఆశిస్తున్నావు?" అని పెద్దాఫీసరు సరదాగా అడిగాడు. జీతం ప్రకటన కాగితంలో అచ్చేసే ఉంది, మార్చేది లేదు. "తమ దయ అండి" అన్నాడు కోటిలింగం, నేర్పినట్టే. మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిది, ఇక వెళ్ళొచ్చు" అంటూ ఆఫీసరు లేచి నిలబడ్డాడు. కోటిలింగం లేచాడు. తల దించాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు మాస్టారు చూశాడు. ఆఫీసరు కుడిచెయ్యి బల్ల మీదుగా ముందుకు చాచి ఉంది.

ఆ చెయ్యి ఎందుకు చాచాడో మాస్టారి బుర్రకి ఎక్కేలోపే కోటిలింగం దాన్ని చూశాడు. తల పూర్తిగా దించడం వాడికి ఏనాడు వచ్చిందని? ఇప్పుడే జీతమెంత కావాలని అడిగిన మనిషి, ఇప్పుడే చెయ్యి చాచాడు. మిర్చి కొట్ల దగ్గర పెరిగినవాడికి దానికి ఒకటే అర్థం. ఒక్క అంగలో ముందుకు వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఎడంచేత్తో జేబురుమాలు లాగి రెండు చేతుల మీదా కప్పాడు. కింద వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి.

మాస్టారు గబుక్కున లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూలబడ్డాడు. లోపల కుడివైపు మెంబరు "ఏయ్! ఏమిటది? వదులు!" అని అరుస్తున్నాడు. ఎడంవైపాయన కుర్చీ వెనక్కి తోసుకుని నిలబడిపోయాడు. కోటిలింగం మాత్రం గంభీరంగా ఆఫీసరు మొహంలోకి చూస్తూ బేరం ఆడుతున్నాడు. అయిపోయింది, సర్వం అయిపోయింది అనుకున్నాడు మాస్టారు. సర్కారు ఆఫీసరు చెయ్యి పట్టుకుని మిరపకాయల బస్తాకి బేరమాడినట్టు ఆడతాడా వీడు! ఇన్నేళ్ళ పరువూ ఆ రుమాలు కిందే గంగలో కలిసిపోయింది.

ఆఫీసరు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. మొదట బిత్తరపోయాడు, తర్వాత పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాడు. రుమాలు వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. అంతసేపు ఎందుకు పట్టుకున్నాడో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

కాసేపటికి బంట్రోతు వరండాలోకి వచ్చాడు. "సంజీవరావు మాస్టారంటే మీరేనా? మీ కుర్రాడు చెప్పాడు. అయ్యగారు లోపలికి రమ్మంటున్నారు."

మాస్టారు వెళ్ళేసరికి మెంబర్లిద్దరినీ కాఫీకి పంపేశారు. కోటిలింగం తలుపు దగ్గర రుమాలు మడతపెట్టుకుంటూ నిలబడ్డాడు. పెద్దాఫీసరు అతన్నీ బయటికి వెళ్ళమన్నాడు.

"క్షమించాలండి. అనుభవం లేని కుర్రాడు. నేను అలా నేర్పలేదండి" అన్నాడు మాస్టారు, చేతులు జోడించి.

"అదే అడుగుదామని పిలిచాను. ఆదాం, తోమా, ఇంకో అయిదుగురు. అందరూ మీ సత్తెనపల్లివాళ్ళే. వాళ్ళూ మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళేనా?"

"అవునండి."

"వాళ్ళకి ఏం నేర్పారు? నేను చెయ్యి ఇస్తే పట్టుకోవద్దని నేర్పారా?"

మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. ఆఫీసరు గొంతులో కోపం లేదు, అంతకంటే బరువైనదేదో ఉంది.

"ఏడుగురు, మాస్టారూ. ఏడుగురికీ చెయ్యి చాచాను. నేను లేవగానే ఏడుగురూ దూరం జరిగారు. మొహం చూడకుండా దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. గాల్లో చాచిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక, నా పక్కనున్నవాళ్ళ ముందు ఈ పెన్ను తీసుకున్నట్టు నటించాను. ఏడుసార్లు." ఆయన బల్ల మీది పెన్నుని అటూ ఇటూ జరిపాడు. "మా నాన్నది కనిగిరి దగ్గర మాలపల్లె. కరువులో బొంబాయి మిల్లులకి పోయాడు. నేను అక్కడే పుట్టాను. ఈ ఆఫీసులో ఆ సంగతి అందరికీ తెలుసు. మిమ్మల్ని పిలిచిన ఆ బంట్రోతు నా మంచినీళ్ళ గ్లాసు విడిగా పెడతాడు. మీ పిల్లలకీ తెలిసిపోయిందనుకున్నాను. నన్ను ముట్టుకోవడం ఇష్టం లేదనుకున్నాను. ఆదాం, తోమా అని పేర్లు చూసి, మన పల్లె పిల్లలే, వీళ్ళు కూడానా అని మరీ మండింది. మార్కులు దానికి తగ్గించలేదని నాకు నేను చాలా చెప్పుకున్నాను. అబద్ధం. తగ్గించాను."

మాస్టారికి అప్పుడు అర్థమైంది. తన పిల్లలు ఆయన్ని మైలపరుస్తారని అనిపించుకోకూడదని తను వాళ్ళని వెనక్కి జరిపాడు. ఆయనేమో, తనని ముట్టుకుంటే మైలపడతామని వాళ్ళు జరిగారనుకున్నాడు. ఇటూ పల్లెవాళ్ళే, అటూ పల్లెవాడే. మధ్యలో రెండడుగుల జాగా. ఆ జాగాని సుద్దముక్కతో కొలిచి గీసింది ఎవరో కాదు, తనే. ఎన్నడో బల్ల కడిగిన ఆ బంట్రోతు ఒక్క పూట చేసిన పనిని, తను ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం చేస్తూ వచ్చాడు.

"నేనేనండి" అన్నాడు చివరికి. "నేనే నేర్పానండి. మాదీ పల్లేనండి. నన్నొకసారి... మీరు పెద్ద కులంవారనుకుని..." అంటూ ఆ బల్ల సంగతి, చెంబు సంగతి, సుద్దగీతల సంగతి తడబడుతూ చెప్పాడు. పెళ్ళాంబిడ్డలకి కూడా చెప్పని మాటలవి.

ఆఫీసరు కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆదాం మళ్ళీ దరఖాస్తు పెడతాడండి" అన్నాడు మాస్టారు, ఒక్కసారిగా గుర్తొచ్చి. "ఎల్లుండే తీసుకొస్తానండి."

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "ఇరవై అయిదు దాటింది, పోయిన నెలలో. ఆ వయసు దాటినవాళ్ళని తీసుకోకూడదు. అతని కాగితం మొన్ననే తీసి చూశాను. హరిజనుడని రాసి ఉంటే వయసులో సడలింపు ఉండేది. క్రైస్తవుడని రాశాడు. ఉన్నది రాశాడు. నా చేతుల్లో ఏమీ లేదు, మాస్టారూ."

సెలవు తీసుకునేటప్పుడు ఆఫీసరు లేచాడు గాని, ఈసారి చెయ్యి చాచలేదు. రెండు చేతులూ జోడించాడు. మాస్టారు కూడా జోడించాడు. వీపుకి ఏదో గట్టిగా తగిలింది. తిరిగి చూస్తే ఇనుప బీరువా. తన కాళ్ళు ఎప్పుడు వెనక్కి నడిచాయో ఆయనకే తెలియదు.

బస్సులో కోటిలింగానికి సంతోషం ఆగడం లేదు. ఉద్యోగం అతనికే అని బయటికొచ్చేటప్పుడే చెప్పేశారు. మాస్టారు మాత్రం కిటికీలోంచి ఆరబోసిన మిరపకళ్ళాల వంక చూస్తూ కూర్చున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. మిరప ఘాటనుకున్నాడు కోటిలింగం.

"నూట యాభై అడిగానండి మాస్టారూ" అన్నాడు గొప్పగా.

"ఆయనేమన్నాడ్రా?"

"ఆయనకి బేరం రాదండీ. ఏ వేలూ నొక్కలేదు. ఊరికే పట్టుకుని వదల్లేదు, అంతే."

సత్తెనపల్లి ఇంకా రెండు మైళ్ళుండగానే, పత్తి మిల్లు దగ్గర మాస్టారు బస్సు ఆపించి దిగిపోయాడు. సాయంత్రం డ్యూటీ మారే వేళ. గేటు దాటి వెళితే, దూది అంటిన జుట్టుతో, భుజాల మీద గోనెపట్టాతో ఆదాం కనిపించాడు. మాస్టారిని చూసి మొహం వెలిగింది. పట్టా కింద పడేసి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"కోటిలింగానికి వచ్చిందా మాస్టారూ?"

"వచ్చిందిరా."

"అబ్బ! ఇక క్లాసు మూయరన్నమాట" అన్నాడు ఆదాం. ఆ నవ్వులో కల్మషం లేదు. మాస్టారికి అది భరించడం కష్టమైంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. తప్పు నాదిరా, నీది కాదు అని చెప్పాలి. ముందు ఒక్క పని చెయ్యాలి, అది చేస్తే మాటలు వాటంతటవే వస్తాయనుకున్నాడు. కుడిచెయ్యి ఆదాం ముందుకు చాచాడు.

ఆదాం ఆ చెయ్యి చూడలేదు. మాస్టారు కదలడం చూసి, సెలవు తీసుకుంటున్నాడనుకున్నాడు. తల దించాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు జోడించాడు. దూదీ దుమ్మూ నిండిన ఆ నేల మీద, గీత లేకపోయినా, మడమ సరిగ్గా పడవలసిన చోటే పడింది.